ఎర్రచుక్క డేగిసా

"ఆ పిల్ల వస్తే నేను రాను. నేను వస్తే ఆ పిల్ల రాకూడదు. అంతే!"

బెర్నీస్ ఇస్త్రీపెట్టెను ఎప్రన్ మీద ఠపీమని ఆనించింది. శుక్రవారం పొద్దున్నే, కాఫీ అయినా ముట్టకుండా, ఎనభై రెండేళ్ల మనిషి నడుం వంచి తెల్ల ఎప్రన్ ఇస్త్రీ చేస్తోంది. ఆ ఎప్రన్ కట్టుకుని వెళ్లాల్సిన వంటింటికి బుధవారం నుంచి తాళం పడి ఉంది.

"ఇవాళ మనవాళ్లు వండటం లేదమ్మా. చల్లటి భోజనమే బయటినుంచి తెప్పిస్తున్నారు," అన్నాడు హోవార్డ్. వృత్తిరీత్యా వకీలు. కోర్టులో ఎంత అరిచినా ఇంట్లో మాత్రం జీవితమంతా రాజీలతోనే గడిపాడు.

"ఎవరి మూలాన లేదూ? ఆ లెటీషియా మూలాన! మన యూదుల కేంద్రానికి నలభై ఏళ్లు నిండిన పండగ రోజున, కోడి సూపు లేకుండా శుక్రవారం రాత్రి షబ్బాత్ భోజనమా? మీ నాన్న బతికుంటే ఏమనేవాడు? పాత బౌలింగ్ హాలు కొని, నేలమీద గీతలు గోకి గోకి చెరిపి, మనకంటూ ఒక చోటు కట్టాం. ఇందుకేనా?"

"నువ్వు కాస్త కూచో అమ్మా."

"కూచోను. ఆ డేగిసా చెవుల మీద ఎర్రచుక్కలు పెట్టిందెవరనుకున్నావురా? నేను! మాంసానికి ఎర్రచుక్క, పాలకి నీలంచుక్క. నా గోళ్లరంగుతో పెట్టాను. కళ్లకి గంతలు కట్టినా చెప్తాను, ఏ గిన్నె దేనికో. అలాంటి వంటింట్లోకి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని తీసుకొచ్చి నెత్తిన పెట్టుకుంది నీ పెళ్లాం!"

నీ పెళ్లాం అనిపించుకున్న రోషెల్ సింకు దగ్గర నిలబడి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ముఖం చూపించాలి. ఆ ముఖం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

"ఏం అమ్మాయ్, ఉలుకూ పలుకూ లేదు? బుధవారం నువ్వు వంటింటి గుమ్మంలోనే ఉన్నావుగా. ఆ పిల్ల పాలు పోయడం చూశావా లేదా?"

"ఫోన్‌లో ఉన్నాను అత్తయ్యా. చూడలేదు."

ఎంత అనాయాసంగా వచ్చిందో ఆ అబద్ధం! అందుకే మరీ సిగ్గేసింది.

చూసింది. అంతా చూసింది. ముసలివాళ్ల మధ్యాహ్న భోజనానికి బంగాళదుంప సూపు కాస్తున్నది బెర్నీసే. నీలంచుక్క గిన్నె పక్కనే ఉండగా, పాలన్నీ ఎర్రచుక్క డేగిసాలో పోసి, సన్నగా కూనిరాగం తీస్తూ గరిటెతో కలిపిందీ బెర్నీసే. అది శుక్రవారం కోడి సూపుకని ఉంచిన డేగిసా. మాంసమూ పాలూ కలవకూడదన్నది మత నియమమైన ఈ యూదులకి మాంసం పాత్రలో పాలు కాగడమంటే చిన్నమాట కాదు. పొయ్యి, గరిటెలు, మూతలు, పక్కనున్న గిన్నెలు, అన్నీ అనుమానమే.

అప్పుడే అరవాల్సింది రోషెల్. అరవబోయింది కూడా. ఈలోపు బెర్నీస్ ఉప్పు కోసం అలమర వైపు వెళ్లింది, వంటింటి నియమాలు చూసే ష్లోమో లోపలికి వచ్చి డేగిసాలోకి తొంగిచూశాడు. "ఎవరు?" అన్నాడు. ఎవరూ పలకలేదు. చివరికి వంటకి సాయం వచ్చిన షీలా గొంతు: "పొయ్యి దగ్గరున్నది లెటీషియాయేగా?"

అందరి తలలూ అటు తిరిగాయి. "నేను కాదు," అంది లెటీషియా ఒక్కసారి. తరవాత రోషెల్ వంక చూసింది. ఏమీ అడగలేదు, ఊరికే చూసింది. రోషెల్ తన ఫోన్ వంక చూసుకుంది. లెటీషియా ఎప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది.

ఆ మడత ఇంకా రోషెల్ కళ్లముందే ఉంది.

"చూడలేదట," అంది బెర్నీస్ కొడుకుతో, వెటకారంగా. "కేంద్రానికి డైరెక్టరమ్మ. కళ్లముందు పాలు పొంగుతున్నా కనపడవు. కుర్చీలో కూచుంటే కళ్లు పైకెక్కుతాయి మరి!"

ఇస్త్రీ పక్కన పెట్టి కాఫీ కలుపుకుంది. కలిపిన చెంచాని కడిగి, తుడిచి, మాంసం చెంచాల సొరుగులో వేసి మూసింది. అది పాల చెంచా. ఇంట్లో రెండు సొరుగులూ ఏవి దేనికో యాభై ఏళ్ల కిందట ఆవిడ చేసిన ఏర్పాటే.

హోవార్డ్ పేపరు చదువుతున్నాడు. రోషెల్ చూసింది. వేసవి నుంచీ చూస్తూనే ఉంది. రోజూ సాయంత్రం, అత్తగారు తన గదిలోకి వెళ్లాక, ఒక్కో చెంచానీ తీసి దాని సొరుగులో దాన్ని వేస్తూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందని భయం.

ఫోన్ మోగింది. మతగురువు, రబ్బీ టోబియాస్.

"రోషెల్, సోమవారం సభ. ముగ్గురం కూచుంటాం. లెటీషియాకి రెండేళ్లు పాఠం చెప్పినదానివి నువ్వు, ఆమె తరఫున నాలుగు మాటలు చెప్పాల్సిందీ నువ్వే."

"అవును రబ్బీగారూ."

"డేగిసా సంగతి నా చెవిన పడింది. అదికాదమ్మా నా బాధ. పొరపాటు ఎవరైనా చేస్తారు. మా ఆవిడ పెళ్లైన కొత్తలో ఏం చేసిందో చెప్తే నువ్వు నవ్వుతావు. కానీ ఈ పిల్ల చేసి కూడా లేదంటోందట. అబద్ధమాడిందన్న మాట ఉన్న మనిషిని మన మతంలోకి తీసుకోమని తక్కిన ఇద్దరితో ఎలా అనను? నువ్వు అక్కడే ఉన్నావట కదా. నీకు తెలిసింది ఒక్కమాట చెప్పు. నువ్వు కాదంటే కాదు, అవునంటే అవును."

రోషెల్ నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అత్తగారు కాఫీ తాగుతూ తనవంకే చూస్తోంది.

"ఇప్పుడు... ఇప్పుడు వీలుకాదు రబ్బీగారూ. సాయంత్రం."

"భోజనాలకి కూచునేలోపు చెప్పు. షబ్బాత్ భోజనం దగ్గర ఈ మాటలు మాట్లాడను."

*

కారు వీధి మలుపు తిరిగింది. రాత్రి పడ్డ మంచుని రెండుపక్కలా గోడల్లా ఎగదోసి ఉంచారు. హోవార్డ్ నెమ్మదిగా నడుపుతున్నాడు.

"పాలు పోసింది మీ అమ్మ," అంది రోషెల్.

అతను బ్రేకు వేశాడు. వెనక కారు హారన్ కొట్టింది. మళ్లీ కదిలాడు.

"నువ్వు చూశావా?"

"నా కళ్లతో."

"మరి పొద్దున..."

"చూడలేదన్నాను. బుధవారం నుంచీ అదే అంటున్నాను. ఆవిడకి గుర్తులేదు హోవార్డ్. నటన కాదు. నిజంగానే లెటీషియా చేసిందనుకుంటోంది. అందుకే అంత కోపం."

హోవార్డ్ వైపర్ల వేగం పెంచాడు.

"ఎప్పటినుంచి?"

"వేసవి నుంచి. చెంచాలు తారుమారు చేస్తోంది. నేను సర్దుతున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చూడలేదు?"

ఆ దెబ్బ తగిలింది. తగలాలనే అంది. హోవార్డ్ పెదవి కొరుక్కున్నాడు. తరవాత అతనన్నదే ఆమె జీవితంలో మర్చిపోలేదు.

"నోరు మూసుకున్నది అమ్మ కోసమా రోషెల్, నీ కుర్చీ కోసమా?"

"ఏమిటా మాట?"

"మతిమరుపు మనిషని తెలిసీ వందమందికి వండే పొయ్యి దగ్గర నిలబెట్టావు. రేపు కమిటీ వాళ్లు అడిగేది అమ్మని కాదు, నిన్ను. అది నీకు తట్టలేదా?"

తట్టింది. బుధవారం ఆ గుమ్మంలోనే తట్టింది. అత్తగారి మీది జాలి కన్నా ముందు అదే తట్టింది. ఇన్నాళ్లూ తనకి తాను కూడా చెప్పుకోని మాట మొగుడి నోట వినేసరికి తలకొట్టేసినట్టయింది.

కేంద్రం ముందు కారు ఆపాడు. దిగలేదు. ఈసారి గొంతు పూర్తిగా మారిపోయింది.

"రోషెల్, చెప్పకు."

"ఏం?"

"ఎవరికీ చెప్పకు. ఆ పిల్ల చిన్నది. ఈ సోమవారం కాకపోతే ఇంకో సోమవారం. ఆర్నెల్లు ఆగితే ఏం పోతుంది? అమ్మకి ఆ వంటిల్లు పోతే ఇంకేముంది? నాన్న పోయాక ఆ ఎప్రనే కదా ఆవిణ్ణి నిలబెట్టింది."

ఇప్పుడే తనని నిలదీసిన మనిషి ఇతనేనా అనిపించింది. కానీ తనకేం హక్కుంది ఆశ్చర్యపోవడానికి?

"లెటీషియా ఏమైపోయినా ఫరవాలేదా?" అంది.

హోవార్డ్ స్టీరింగు మీద తల ఆనించాడు.

*

కేంద్రం హాల్లోకి అడుగుపెట్టగానే ఈతకొలను క్లోరిన్ వాసన, నర్సరీ పిల్లల కేకలు, పైన యూదుల పాతభాష ఇద్దిష్‌లో పాటల బృందం ఒకే చరణాన్ని మూడు శ్రుతుల్లో పాడుతున్న చప్పుడు. ఎదురుగా గోడమీద ఇత్తడి అక్షరాలు.

యూదులకు ఇల్లు, ఊరందరికీ గుమ్మం. ఈ గుమ్మంలో ఎవరి ముఖమూ చిన్నబోదు.

రెండో వాక్యం రోషెల్‌దే. కేంద్రం ధ్యేయాన్ని నాలుగు ముక్కల్లో రాయడానికి కమిటీ చలికాలమంతా కొట్టుకుంది. ఆ వాక్యం మరీ పొడుగైందని, అక్షరానికింతని ఇత్తడివాడు గుంజుతాడని ఒకాయన గోల పెట్టాడు. రోషెల్ బల్ల గుద్దింది. "పదిమందిలో ఒకరి ముఖం పాలిపోయేలా చేస్తే నెత్తురు చిందించినట్టేనని మన పెద్దలన్నారు. ఇది లేకపోతే మనది ఈతకొలనున్న క్లబ్బు, అంతే!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎదుటివాళ్లకి చెప్పేందుకేగా నీతులు! తలొంచుకుని ఆ గోడ కింద నుంచి తేలు కుట్టిన దొంగలా నడిచింది.

వంటింటి తలుపు దగ్గర ష్లోమో బల్ల వేసుకుని కూచున్నాడు, కాపలా కుక్కలాగా. పక్కన షీలా కాగితం పళ్లాలు లెక్కపెడుతోంది.

"డైరెక్టరమ్మా, తాళం ఎప్పుడు తీస్తానని అడక్కు," అన్నాడు ష్లోమో. "ఎవరో చెప్పమను. నేనేం ఉరితీయను. ఏ గరిటెతో కలిపారు, ఏ మూత పెట్టారు, ఎక్కడ కడిగారు, ఇవి తెలిస్తే వాటివరకే మరిగించి శుద్ధి చేస్తాను. తెలియకపోతే వంటిల్లంతా ఊడ్చిపెట్టుకోవాలి. నాకు ముద్దాయి అక్కర్లేదమ్మా, గరిటె కావాలి!"

"ముద్దాయెవరో తెలియకపోవడమేమిటి?" అంది షీలా. "ఆ అమ్మాయి వస్తే కదా అడగడానికి. రెండ్రోజుల్నుంచి పత్తాలేదు. తప్పులేని మనిషి ఎందుకు ముఖం చాటేస్తుంది? నేను చెడ్డగా అనడం లేదు రోషెల్. మంచి పిల్లే. మందుల షాపులో మా ఆయనకి ఎంత ఓపిగ్గా చెప్తుందనుకున్నావు! కానీ ఇవన్నీ చదివితే వచ్చేవి కావు. ఉగ్గుపాలతో రావాలి."

ఉగ్గుపాలతో వచ్చినవాళ్లు ఏం చేశారో నీకేం తెలుసు, అనుకుంది రోషెల్. అనుకోవడం వరకే. పైకి మాత్రం, "పళ్లాలు సరిపోతాయా షీలా?" అని అడిగింది. అడిగి, తనమీద తనకే అసహ్యమేసి, వెనక్కి తిరిగి బయటికి నడిచింది.

*

లెటీషియా తలుపు తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది. వెనక బల్లమీద షబ్బాత్‌కని చేసే హల్లా రొట్టెలు రెండు అల్లి పెట్టి ఉన్నాయి, ఓవెన్‌లో పెట్టడానికి. ఒకటి నున్నగా వచ్చింది, ఇంకోటి ఓ పక్కకి ఒరిగింది.

"రండి రోషెల్ గారూ." కూచోమని కుర్చీ చూపించింది. తను నిలబడే ఉంది.

రోషెల్ దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మంలోనే మర్చిపోయింది.

"ఆ పాలు పోసింది మా అత్తగారు. నేను చూశాను. చూసీ మాట్లాడలేదు."

లెటీషియా చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"తెలుసు."

"తెలుసా?"

"నేను ఆవిడ పక్కనే ఉన్నానుగా. ఉల్లిపాయలు తరుగుతున్నాను. తలెత్తేసరికి పాలు సగం పడిపోయాయి. 'బెర్నీస్ గారూ, అది ఎర్రచుక్క' అన్నాను. నా వంక నవ్వుతూ చూసి, 'అవునమ్మా, ఎంత బాగా పెట్టానో చూడు' అంది. అప్పుడర్థమైంది నాకు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ఎవరికి? అందరి ముందా? ఆవిడ ఎదురుగానా?" లెటీషియా గొంతు మొదటిసారి పెరిగింది. "మీరే కదండీ చెప్పింది నాకు, ఒకరి ముఖం పాలిపోయేలా చేస్తే నెత్తురు చిందించినట్టేనని. నేను నమ్మాను. పాఠం అనుకోలేదు, నిజమనుకున్నాను."

రోషెల్‌కి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఎక్కడ చూడాలో తెలియక ఒరిగిన రొట్టె వంక చూసింది.

"నాకు కోపం లేదనుకోకండి. చాలా ఉంది. ఆవిడ మీద కాదు. మీరు పక్కకి పిలిచి ష్లోమో గారి చెవిలో చెప్తారనుకున్నాను. ఆ మధ్యాహ్నం చెప్తారనుకున్నాను. గురువారం పొద్దున చెప్తారనుకున్నాను. షాపులో మందులిస్తూ ఫోన్ వంకే చూస్తూ కూచున్నాను. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, 'సోమవారానికి తెల్లబట్టలు కొనుక్కున్నావా?' అంటోంది. రెండేళ్లు నాతో పోట్లాడి, చివరికి ఒప్పుకుంది మా అమ్మ. ఆవిడకేం చెప్పను?"

"క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం చెల్లడం లేదు," అంది రోషెల్.

"అయితే అడక్కండి. చెయ్యండి."

"రబ్బీగారికి చెప్తాను. ఇప్పుడే వెళ్తాను."

"ఆయనకి చెప్తే సభ జరుగుతుంది. మరి షీలా గారు? ఆ వంటింట్లో ఉన్నవాళ్లంతా? నేను జీవితాంతం వాళ్ల మధ్య బతకాలనుకుంటున్నానండీ, ముగ్గురు పెద్దల మధ్య కాదు."

నలుగురిలో పడ్డ మాట నలుగురిలోనే పోవాలి. రోషెల్‌కి అర్థమైంది.

"సాయంత్రం హాల్లో చెప్తాను. అందరి ముందూ. నువ్వు రావాలి లెటీషియా. దయచేసి రా."

"వస్తాను. రాకపోతే ఒప్పుకున్నట్టవుతుంది." ఆగింది. "కానీ ఒక్కమాట. నాది కాదని చెప్పండి. ఎవరిదో మాత్రం చెప్పకండి. బెర్నీస్ గారి పేరు ఆ హాల్లో మీ నోట వస్తే నేను సోమవారం వెళ్లను. ఒక ముసలావిడని కింద పడేసి, ఆవిడమీద నుంచి నడుచుకుంటూ ఈ ఇంట్లోకి నేను రాలేను."

*

సాయంత్రం పొద్దువాలక ముందే హాలు నిండింది. తెల్ల దుప్పట్లు పరిచిన బల్లలు, కాగితం పళ్లాలు, చల్లటి చేప, ఊరగాయ దోసకాయలు. "నలభై ఏళ్ల పండగకి చల్లచేపా!" అని ఎవరో నిట్టూర్చారు. "కొలనులో పట్టారేమో," అన్నారింకొకరు. నవ్వులు వచ్చాయి. రోషెల్‌కి ఆ నవ్వు కూడా తనమీదేననిపించింది.

రబ్బీ టోబియాస్ ముందు బల్ల దగ్గర కూచుని కనుబొమలెగరేశాడు, ఏమైంది అన్నట్టు. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించింది. లెటీషియా అందరికన్నా చివర, కోట్లు తగిలించే కొయ్యల పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూచుంది. ఆమె పక్క కుర్చీలు ఖాళీ.

దీపాలు ముందుగా బెర్నీస్ పెట్టాలి. నలభై ఏళ్లుగా అదే రివాజు. ఆవిడ ఇస్త్రీ ఎప్రన్‌లోనే వచ్చింది, ఎంత చెప్పినా విప్పలేదు. వత్తులు ముట్టించి, చేతులు మూడుసార్లు తనవైపు తిప్పుకుని, అరచేతులతో కళ్లు మూసుకుని ఆశీర్వచనం చదివింది. ఒక్క అక్షరం తడబడలేదు. హాలంతా ఆమెన్ అంది. ఆ గొంతు వింటే, ఈ మనిషి గిన్నె మర్చిపోయిందంటే ఎవరు నమ్ముతారు?

రోషెల్ లేచి నిలబడింది. ఏటా ఈ రోజున డైరెక్టరు గోడమీది మాటలు చదివి, నాలుగు ముక్కలు మాట్లాడాలి.

"యూదులకు ఇల్లు, ఊరందరికీ గుమ్మం," అని మొదలుపెట్టింది. "ఈ గుమ్మంలో ఎవరి ముఖమూ..."

అక్కడ ఆపి చివరి బల్ల వైపు చూసింది. మంచినీళ్లు తాగమని ఎవరో గ్లాసు అందించబోయారు. వద్దంది.

"ఈ మాట రాసింది నేను. దీన్ని ముందుగా తొక్కింది కూడా నేనే. బుధవారం మన వంటింట్లో లెటీషియా మీద నింద పడింది. ఆమె నేను కాదంది. అది నిజం. ఆమె కాదు. నేను గుమ్మంలో నిలబడి కళ్లారా చూశాను. చూసీ నోరు మూసుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా మూసుకునే ఉన్నాను. ఆమె అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను. రబ్బీగారూ, మీకు సాయంత్రం చెప్తానన్నమాట ఇదే."

రబ్బీ మెల్లగా తల దించుకున్నాడు. షీలా చేతిలో కాగితం పళ్లెం అలాగే ఉండిపోయింది.

ఇంతటితో కూచుంటే అయిపోయేది. కూచోబోయింది.

"మరి ఎవరు?" అంది షీలా. కుళ్లుతో కాదు, పాపం, అవమానంతో. "నేనే కదా ఆ పిల్లని ముందు వేలెత్తి చూపించింది. ఎవరో తెలియొద్దా?"

"అది అడక్కండి," అంది రోషెల్.

"గరిటె సంగతైనా..." అన్నాడు ష్లోమో.

"నీకు తరవాత చెప్తాను. విడిగా."

"విడిగా ఎందుకూ?" దీపాల బల్ల దగ్గర్నుంచి ఖంగుమంది బెర్నీస్ గొంతు. ఎప్రన్ సవరించుకుని ముందుకొచ్చింది. ముఖం ధుమధుమలాడుతోంది. "చెప్పవేం అమ్మాయ్? ఆ పిల్ల చెయ్యలేదంటే మంచిదే. నేను తిట్టాను, ఇదిగో, అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నాను. అమ్మా లెటీషియా, నన్ను క్షమించు తల్లీ. అలా ఉండాలి మనిషన్నాక! మరి ఆ చేసినవాళ్లు ఎవరో, పరాయి పిల్ల మీద నింద పడుతుంటే నోరు మూసుకుని కూచున్నారే, వాళ్లకి సిగ్గులేదా? ఈ హాల్లోనే ఉన్నారా?"

చివరి బల్ల దగ్గర లెటీషియా రోషెల్ వంకే చూస్తూ, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"ఉన్నారా లేదా?"

"అత్తయ్యా, భోజనాలు మొదలుపెడదాం..."

"పేరు చెప్పు రోషెల్! లేచి నిలబడమను. నలభై ఏళ్లు కాపాడిన వంటిల్లు నాది. నా ఎర్రచుక్కని చూసీ పాలు పోసిన ఆ మహాతల్లి ముఖం నేను చూడాలి!"

రోషెల్ అత్తగారి వైపు ఒక్క అడుగు వేసింది. తల్లి మీద కోపమో, తనమీద అసహ్యమో, హోవార్డ్ కుర్చీలోంచి సగం లేచి అలాగే బిగుసుకుపోయాడు. హాల్లో ఒక్కొక్క చూపే రోషెల్ ముఖం నుంచి అతని ముఖం మీదికి, అక్కణ్ణుంచి మెల్లగా తెల్ల ఎప్రన్ మీదికి మళ్లుతోంది. ష్లోమో టోపీ సర్దుకుంటూ నేల చూపులు చూశాడు. షీలా అరచేత్తో నోరు మూసుకుంది.

జనమంతా తనవైపు ఎందుకు చూస్తున్నారో బెర్నీస్‌కి అర్థం కాలేదు. ఎప్రన్‌కి మరకేమైనా అంటిందేమోనని కిందికి చూసుకుంది. మరకేం లేదు. తలెత్తి కొడుకుని చూసింది. గొంతులో ఉన్న కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"ఒరే హోవార్డ్," అంది, చంటిపిల్లాణ్ణి అడిగినట్టు, "నువ్వెందుకురా ఏడుస్తున్నావు?"